ఇర్మె ఇంటి పిడికెడు

తుమిరిగూడేనికి తలుపు పెట్టారు. తలుపంటే కీలూ గొళ్ళెం ఉన్న తలుపు కాదు. నలుగురు మగవాళ్ళు భుజాలు కందిపోయేలా మోసుకొచ్చి బండిబాటకు అడ్డంగా పడేసిన మద్దిదుంగ. దుంగ మీద రేగుకంప, కంప మీద ఎర్రగుడ్డ. దాన్ని మనిషన్నవాడు దాటకూడదు. కోళ్ళూ మేకలూ పుకార్లూ మాత్రం రోజుకు నూరుసార్లు దాటుతున్నాయి.

పుకార్లన్నిటిలోకీ లావుపాటిది దోర్నపాల్ సంత నుంచి వచ్చింది. సంతలో ఎవడో ఒక్కసారి దగ్గాడట. ఎండుచేపలమ్మే మనిషి బుట్ట అక్కడే వదిలేసి శబరి ఒడ్డు దాకా వెనక్కి చూడకుండా పరుగెత్తిందట. బుట్టలోని చేపలు కూడా ఆమె వెనకాలే పరుగెత్తాయని, తన కళ్ళతో చూశానని, చెప్పినవాడు ఒట్టేశాడు. ఊరు పడీపడీ నవ్వింది. నవ్విన సాయంత్రమే ఇంకో రెండు మోపుల కంప తెచ్చి దుంగ మీద వేసింది.

ఇప్పుడా దుంగకు లోపలి పక్క ఊరు నిలబడి ఉంది. బయటి పక్క ఇర్మె ఒక్కతే నిలబడి ఉంది.

ఇర్మె ఆ ఊరి మితానిన్. అంటే దవాయి పెట్టె మనిషి. జ్వరానికి గోలీ ఇవ్వడం, పురిటికి కబురు పంపడం, పసిపిల్లలకు సూది వేయించే రోజు గుర్తుచేయడం, అన్నీ ఆమె పనే. పన్నెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఆమె చెయ్యి తగలని నుదురు లేదు. అలాంటి మనిషిని నెలరోజులుగా ఊరు బయటే ఉంచింది. మిరపకోతలకు తెలంగాణ పోయి, లాక్‌డౌన్ పడ్డాక కాలినడకన తిరిగొస్తున్న కూలీలను మైలు దూరంలోని ఆశ్రమ పాఠశాలలో పద్నాలుగు రోజులు ఆపుతున్నారు. వాళ్ళకు పొద్దునా సాయంత్రం జ్వరం చూసే డ్యూటీ ఇర్మెకు పడింది. వాళ్ళ దగ్గరికి పోయే మనిషి ఊళ్ళోకి రాకూడదంది ఊరు. సరే అని ఆమె తన చేను పాకలోనే పడుకుంటోంది. మొగుడు ఉంగా రోజూ అన్నం గిన్నె తెచ్చి దుంగ మీద పెట్టి పది అడుగులు వెనక్కి పోతాడు. అప్పుడామె వచ్చి తీసుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో కూడా నువ్వింత సిగ్గుపడలేదని ఒకసారి ఆమే ఎగతాళి చేసింది.

ఆ రోజు మాత్రం ఎగతాళి చేసే రోజు కాదు.

"ఓ మితానిన్, ఆడనే ఉండి మాట్లాడు," అన్నాడు జోగా. ఊరు కట్టేద్దామన్న మాట మొదట అతని నోటినుంచే వచ్చింది. చేతిలో నిలువెత్తు వెదురుకర్ర. "ఈ కట్టె పొడుగుకు ఇవతలికి రావద్దు."

"కట్టె యాడికెళ్ళి కొలుస్తవు జోగా? నీ చెయ్యి కాన్నుంచా, నీ నోటి కాన్నుంచా? నోరైతే గొల్లపల్లి దాకా ఉన్నది."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో కొంగులు ఎలాగూ అక్కడే ఉండేవి కాబట్టి, ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో తెలియలేదు.

"నేనడిగేది ఒక్కటే," అంది ఇర్మె, చూపు జోగా మీది నుంచి తీసి వడ్డె బిజ్జా మీద పెట్టి. వడ్డె అంటే ఊరి పూజలు చేసే పెద్దమనిషి. అరవై దాటినా తాడిచెట్టులా నిటారుగా ఉంటాడు. "ఐదు రోజులల్ల విజ్జపండుం. మా ఇంటి పిడికెడు సంగతేంది మామా?"

విజ్జపండుం అంటే విత్తనాల పండుగ. ఆ రోజు ఇంటికొక పిడికెడు చొప్పున వడ్లో సామలో కందులో ఆకుదొప్పలో తెస్తారు. వడ్డె అన్నిటినీ ఒకే గంపలో పోసి కలిపి, ఊరి దేవతైన తల్లికి చూపించి, తలా ఒక పిడికెడు తిరిగి ఇస్తాడు. ఆ పిడికెడు ఇంట్లో విత్తనాల కుండలో కలిశాకే చేలో గింజ పడాలి. గంపలో తన పిడికెడు పడనివాడు చేను చల్లుకోకూడదా అంటే చల్లుకోవచ్చు. మొలవదా అంటే మొలుస్తుంది. కానీ ఆ చేలో ఇంకెవరూ కాలు పెట్టరు. నాటుకు రారు, కలుపుకు రారు, కోతకు రారు. ఇద్దరు మనుషులు మూడెకరాలు కోసేలోపల సగం పంట చిలుకలదీ, మిగతా సగం అడవిపందులదీ అవుతుంది. మరుసటేడు తిండి లేనట్టే.

బిజ్జా కాలి బొటనవేలితో నేల మీద గీత గీశాడు. దాన్ని పాదంతో చెరిపేశాడు. మళ్ళీ గీశాడు.

"బయటి చెయ్యి తగిలిన గింజ గంపల పడొద్దని పెద్దల మాట ఉన్నది కోడలా."

"నా చెయ్యి తగలదు. గింజలు ఇంట్ల ఉన్నయి, ఉంగా తెస్తడు."

"ఉంగా నీకు అన్నం తెస్తుండు కదా," జోగా అందుకున్నాడు. "ఆ గిన్నె నువ్వు ముడ్తవు. ఆయన ముడ్తడు. అదే చేత్తో గింజలు ముడ్తడు. ఆ గింజలు మా గింజలను ముడ్తయి. ఇగ మేం ఏం కావాలె?"

ఉంగా ఏదో అనబోయి, చుట్టూ ఉన్నవాళ్ళు తన నుంచి ఒక్కో అడుగు దూరం జరగడం చూసి ఊరుకున్నాడు. అన్నదమ్ముల వరస వాళ్ళు కూడా జరిగారు. ఇర్మె ఆ అడుగులే చూసింది. జోగా మాటలకంటే అవి గట్టిగా తగిలాయి.

"బడి డ్యూటీ మానెయ్. పద్నాలుగు రోజులు చెట్టు కింద కూసో. అప్పుడు రా," అన్నాడు జోగా.

"పండుం ఐదు రోజులే ఉన్నదని ఇప్పుడే చెప్పిన. నీకు లెక్క రాదా, దయ రాదా?"

బిజ్జా తల ఎత్తలేదు. "ఊరి మాట," అన్నాడు. నేల మీది గీత చెరిపేసి, వెనక్కి తిరిగి నడిచాడు.

ఆశ్రమ బడిలో కూలీలు ఆరుగురున్నారు. నాలుగు ఊళ్ళవాళ్ళు. తరగతిగదిలో బల్లలు గోడకు చేర్చి, నేల మీద టార్పాలిన్ పరిచారు. వాళ్ళు కోతకు ప్రతిఫలంగా తెచ్చుకున్న ఎండుమిరప మూటలు వరండాలో ఓ మూల పడి ఉన్నాయి. వచ్చిన రోజే మందుబండి వచ్చి గోడల మీదా, చెట్ల మీదా, వరసలో నిలబెట్టి మనుషుల మీదా, చివరికి మూటల మీదా బ్లీచింగ్ కలిపిన తెల్లనీళ్ళు కొట్టి పోయింది. మనుషులు కళ్ళు కడుక్కున్నారు. మిరపకాయల్ని కడుక్కునే వీల్లేదు. రెండు నెలలు వంగి వంగి కోసిన కాయ తెల్లగా పాలిపోయి, మెత్తబడి, ముక్కుపుటాలు మండే వాసన వేస్తోంది.

ఇర్మె మొహానికి గుడ్డ కట్టుకుని, జ్వరం చూసే తుపాకీ బయటికి తీసింది. నుదుటికి గురిపెడితే అంకె చూపించే యంత్రం. బ్యాటరీ చచ్చుబడి వారమైంది. మొదటి మనిషికి తొంభై. రెండో మనిషికి ఎనభై ఎనిమిది. ఆ తుపాకీ లెక్క ప్రకారం ఆ గదిలో ఉన్నవాళ్ళు ఆరుగురూ ఒళ్ళు వేడి లేని చేపలు. ఆమె దాన్ని సంచిలో పడేసి, పాత గాజుపుల్ల తీసి, సబ్బునీళ్ళతో కడిగి, ఒక్కొక్కరి చంకలో పెట్టింది. ఆరుగురికీ పెట్టి చూసి రాసేసరికి అరపూట పట్టింది.

సునీల్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. అతను పై సూపర్‌వైజర్. ఇర్మెలాంటివాళ్ళు పద్దెనిమిది మంది అతని కింద ఉన్నారు. గేటు దాటి లోపలికి రాకుండా, బండి దిగకుండా, రిజిస్టర్ పట్టుకుని ఎత్తి చూపించమన్నాడు.

"అందరికీ నార్మలే కదా దీదీ? బస్. మన సెక్టర్‌ల కేసులు జీరో. మొన్న మీటింగ్‌లో నా పేరు చదివిండ్రు, మాలూమ్?"

"తుపాకీకి బ్యాటరీ?"

"పైనుంచి రావాలె. అప్పటిదాకా తొంభైయేడు రాసెయ్. తొంభైయేడు చూస్తే ఎవరైనా హాయిగా నిద్రపోతరు."

"పుల్లతో చూసే రాస్తున్న. ఇంకోటి. ఊర్లల్ల వానలకు ముందు జ్వరాలు మొదలైతయి సార్. మలేరియా కార్డులు పెట్టెల ఉన్నయి. నెలరోజులు దాటె, వేలు పొడవొద్దంటిరి."

"ఆర్డర్ దీదీ. జ్వరమున్న మనిషిని ముట్టుకునుడు బంద్. రక్తం అస్సలొద్దు."

"మరి మలేరియా వస్తే?"

సునీల్ బండి స్టార్ట్ చేస్తూ, చాలా ధైర్యంగా చెప్పాడు. "ఈ యేడు మలేరియా రాదు. లాక్‌డౌన్ ఉన్నది కదా."

దోమలకు ఆ సంగతి ఎవరు చెప్పారో ఇర్మె అడిగేలోపలే బండి మలుపు తిరిగింది.

మర్నాడు పొద్దున బడికి బయలుదేరిన ఇర్మెకు వాగు అవతల పొగ కనబడింది. బిజ్జా చేను పాకలోంచి సన్నగా లేస్తోంది. పండుంకు ముందు వారం ఎవరూ చేను పాకల్లో పొయ్యి వెలిగించరు. ఆ నియమం ఊరికి చెప్పే మనిషి బిజ్జాయే. ఇర్మె చెప్పులు చేతపట్టుకుని వాగు దాటింది.

పాక ముందు గొంతుక్కూర్చుని కుండలో నేలవేము కషాయం కలుపుతున్న మనిషి బిజ్జా భార్య కోసి. ఇర్మెను చూడగానే గరిటె కుండలో జారిపోయింది. లోపల బొంతలు కదులుతున్నాయి. బొంతలు కావు, బొంతల కింద మనిషి వణుకుతున్నాడు. పాకకు ఆసరాగా ఉన్న వెదురుగుంజ కూడా అతనితోపాటు వణుకుతోంది.

బిజ్జా బయటికొచ్చి చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. "ఆడనే ఆగు కోడలా."

"కోతకు పోయిన నీ కొడుకు మంగల్ కదా?"

బిజ్జా కంటే ముందే కోసి మాట్లాడింది. "నాలుగు దినాలాయె వచ్చి. కిష్టారం అడవి పట్టి నడిచి వచ్చిండు. బడిల మనుషుల మీద తెల్లనీళ్ళు కొడుతున్నరని దారిల విన్నడట. బడికి పోను, ఈడనే సస్త అన్నడు. వచ్చిన కాన్నుంచి ఇదే జ్వరం. రోజూ పొద్దెక్కంగనే సలి, తర్వాత నిప్పు, తర్వాత సెమట."

"ఊరు కట్టేసిన వడ్డె కొడుకు ఊరి చేలోనే ఉన్నడన్న మాట," అంది ఇర్మె. ఆ మాట నోటినుంచి వచ్చాక అందులోని రుచి ఆమెకే తెలిసింది. తియ్యగానే ఉంది. నిన్న నేల మీద గీత గీసిన బొటనవేలు ఇవాళ ఆమె ముందు ముడుచుకుని ఉంది. ఇప్పుడు తను దుంగ దగ్గరికి పోయి ఒక్క కేక వేస్తే చాలు.

ఆమె చేతులకు తొడుగు వేసుకుని బిజ్జా చేతి కిందినుంచి వంగి లోపలికి పోయింది.

మంగల్ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. కళ్ళ తెలుపులో పసుపు. దగ్గు లేదు. ఊపిరి మామూలుగానే ఆడుతోంది. ఆమె చూరులో ఎండుతున్న ఇప్పపువ్వు ఒకటి తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదేం వాసన మరిదీ?"

"పువ్వు... వదినా," అన్నాడు వణుకుతూనే. "సారా కాసినంక తేవాల్సింది."

ముక్కూ బాగుంది, బుద్ధీ మారలేదు. ఆమె లేచి, ఫోను అందే ఒకే ఒక్క చోటికి, చేల వెనక ఉన్న రాతిగుట్ట మీదికి ఎక్కి సునీల్‌కు ఫోన్ చేసింది. మొత్తం చెప్పింది. పేరు మాత్రం చెప్పలేదు.

అవతలినుంచి సునీల్ అడిగింది ఒక్కటే.

"రిజిస్టర్‌ల రాసినవా?"

"ఇంకా లేదు."

"రాయకు. గురువారం రిపోర్టు పోతది. అందాక ఆగు."

"మూడు దినాలు ఆగితే మనిషి పోతడు సార్. బండి పంపుండ్రి."

"బండి వస్తే ఊరంతా సీల్ చేస్తరు దీదీ, నీకు తెల్వదు. పోలీసులు, మీడియా... జీరో పోతది. నా కాంట్రాక్ట్ ఆగస్టుల రెన్యూవల్ ఉన్నది. నాకూ పిల్లలున్నరు." అతని గొంతులో దబాయింపు లేదు, నిజంగానే బతిమాలుతున్నాడు. "చుప్‌చాప్ ఉండు. అడవిల పోయినోళ్ళు నా రిజిస్టర్ల రారు."

ఇర్మె ఫోను చెంగుకు తుడుచుకుని గుట్ట దిగింది. ఊరికి ఆ పిల్లవాడు ఉండకూడదు, లెక్కకూ ఉండకూడదు. ఇన్నేళ్ళలో ఊరూ సర్కారూ ఒక్క మాట మీదికి రావడం ఆమె మొదటిసారి చూసింది.

పాకకు తిరిగొచ్చి పెట్టె తెరిచింది. మలేరియా కార్డుల అట్టపెట్టెకు పైన బూజు పట్టింది. తేదీ చూసింది, ఇంకా గడువుంది. మంగల్ ఎడమచేతి ఉంగరపు వేలు పట్టుకుని స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, సూదితో పొడిచింది. చుక్క ఊరింది. ఆ చుక్కను సన్నటి గొట్టంతో తీసి కార్డు మీది గుంటలో వదిలి, పక్క గుంటలో మందుచుక్కలు వేసింది. ఫోనులో గంట చూసింది. పదిహేను నిమిషాలు.

పదిహేను నిమిషాలు ఎంత పొడుగుంటాయో ఆ పాకలో కూర్చున్న ముగ్గురికీ తెలిసింది. కోసి కషాయం కలపడం మర్చిపోయింది. బిజ్జా కార్డు మీదికి వంగి, తల్లి రాతి ముందు ఎప్పుడూ వంగనంత వంగి చూస్తున్నాడు. రక్తపు రంగు మెల్లగా తెల్లటి కిటికీ మీద పాకి, వెలిసిపోయి, ముందు ఒక గీత పడింది. తర్వాత, ఉందా లేదా అన్నట్టు, రెండోది పడింది. చూస్తూండగానే ముదిరింది.

"ఏంది కోడలా? అదేనా?"

"మలేరియా మామా. పెద్ద మలేరియా. మన అడవిదే, మన దోమదే."

బిజ్జా నేల మీద కూలబడ్డాడు. "అంటే అది కాదన్నట్టే కదా?"

"అది కాదని ఈ కార్డు చెప్పదు. మలేరియా అని మాత్రం చెప్తది. మూతికి గుడ్డ కట్టుకోండి, దూరంగనే పడుకోండి. కానీ గోలీలు ఈ గడియనే పడాలె."

నాలుగు గుక్కల గంజి తాగించాక మొదటిరోజు గోలీలు వేసింది. పావుగంటలో మంగల్ అంతా కక్కేశాడు. బిజ్జా తన పంచె అంచుతో కొడుకు మూతి తుడిచాడు, మెడ తుడిచాడు, అరచేతులతో పడక ఎత్తి శుభ్రం చేశాడు. ఇర్మె ఇంకో అట్ట చించి మళ్ళీ వేసి, ఈసారి నిలిచేదాకా అక్కడే కూర్చుంది.

ఆమె పోతుంటే బిజ్జా వాగు దాకా వెంట వచ్చాడు.

"ఊర్ల చెప్తవా?"

ఆమె వాగులో కాళ్ళు కడుక్కుంటోంది. "నా ఇంటి పిడికెడు సంగతి చెప్పు మామా."

"నేను ఒప్పుకుంటే, నిన్నటిదాకా ఒప్పుకోనోడు ఇయ్యాల ఎందుకు ఒప్పుకున్నవని అడుగుతరు. అప్పుడు పొగ చూస్తరు. పాక చూస్తరు." వెనక్కి తిరిగి పొగ వైపు చూశాడు. "వడ్డె ఇల్లే కట్టు తప్పితే, ఇగ నాకు ఊర్ల కూసునే చోటుండదు."

"నాకు ఇప్పుడు ఉన్నదా?"

ఆమె జవాబు కోసం ఆగకుండా వాగు దాటింది.

సాయంత్రం దుంగ దగ్గర ఉంగా గిన్నె పెట్టి, పది అడుగులు వెనక్కి పోవాల్సినవాడు పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఇయ్యాల మన తమ్ముని పెండ్లాం నన్ను బాయి కాడికి రానియ్యలే," అన్నాడు. "పండుం తర్వాత మీ అమ్మగారి ఊరికి పోదాం. చేను పడావు పెడదాం."

"ఏడాది తిండి?"

"తునికాకు కోస్త. కూలి చేస్త. ఏదో ఒకటి." చుట్ట తీసి, వెలిగించకుండా మళ్ళీ దోపుకున్నాడు. "వాగు అవతల పొగ నేను కూడ చూసిన. చెప్పు ఇర్మె. ఒక్క మాట చెప్పు. వాళ్ళ నోళ్ళు మూతబడ్తయి."

ఆమె అన్నం గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టింది. "మూతబడేది నోళ్ళు కాదు, తలుపులు. ఇయ్యాల నేను ఒక జ్వరాన్ని బయటపెడితే, రేపు ఇంకో ఇంట్ల జ్వరమొచ్చినోణ్ణి నాకు దొరకకుంట అడవిల ఇంకింత లోపలికి దాస్తరు. అప్పుడు ఈ పెట్టె మోసుకుంట ఎవరి కోసం తిరగాలె?"

"పెట్టె అన్నం పెడ్తదా?"

ఆ మాట న్యాయమైందే. ఆమె గిన్నె పట్టుకుని పాకకు నడిచింది. తరువాతి రెండు రోజులూ బడికి పోతూ, వస్తూ వాగు దాటింది. రెండోరోజు మంగల్ సొంతంగా లేచి కూర్చున్నాడు. మూడోరోజు తల్లి తెచ్చిన గంజి చాలలేదని ఆమెతో పోట్లాడాడు. బిజ్జా పాక మూల కూర్చుని కొడుకునీ ఇర్మెనీ చూస్తూ ఉన్నాడు. పడమటి కొండ మీద మబ్బు కట్టింది. మట్టి వాసన వేసే గాలి వీచింది. చేలన్నీ దున్ని సిద్ధంగా ఉన్నాయి. ఇర్మె చేను కూడా.

పండుం నాటి పొద్దున ఇర్మె ముందుగానే దుంగ దగ్గరికి వచ్చింది. ఉంగా తెచ్చి దుంగ మీద పెట్టిన దొప్పలో వడ్లూ సామలూ ఉన్నాయి. పొయ్యనిచ్చినా పొయ్యనియ్యకపోయినా తేవడం మానలేదు అతను. అటునుంచటే బడికి పోవాలి కాబట్టి దవాయి పెట్టె ఆమె భుజానే ఉంది.

అక్కడికి కనుచూపు దూరంలోనే తల్లి గద్దె. డోలు మోగుతోంది గాని, మోగించేవాడికి దానిమీద నమ్మకం లేనట్టు మోగుతోంది. జనం ఒకరికొకరు దూరంగా నిలబడ్డారు. పోయినేడు ఇదే చోట ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఆడినవాళ్ళు.

బిజ్జా ఇంటిపేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పిలిచిన ఇంటివాళ్ళు వచ్చి దొప్ప గంపలో కుమ్మరించి వెనక్కి పోతున్నారు. ముసలి హిడ్మే ఇల్లు. జోగా ఇల్లు. వరసలో తరువాతిది ఉంగా ఇల్లు. బిజ్జా ఆ పేరు దగ్గర ఊపిరి తీసుకుని, దాని తరువాతి ఇంటిని పిలిచాడు.

ఇర్మె దుంగ మీద చెయ్యి ఆనించింది. కంపముల్లు గుచ్చుకుంది. తీయలేదు.

ముప్పైమూడు ఇళ్ళ గింజలు పడ్డాయి. బిజ్జా మోకాళ్ళ మీద కూర్చుని మోచేతుల దాకా గంపలోకి చేతులు దించి కలిపాడు. ఎప్పుడూ మూడుసార్లు కలుపుతాడు. ఇవాళ ఆపలేదు. కిందివి పైకి, పైవి కిందికి, ఏ గింజా ఇది ఫలానా ఇంటిది అని చెప్పుకోలేనంతగా కలిపాడు. డోలు ఆగిపోయింది. అప్పుడు లేచి, చేతులకంటిన పొట్టు దులుపుకోకుండా నిలబడ్డాడు.

"మంగల్ వచ్చి ఎనిమిది దినాలాయె," అన్నాడు. "అడవి పట్టి వచ్చిండు. నా చేను పాకల ఉన్నడు. జ్వరం. కక్కితే ఈ చేతులతోనే ఎత్తిన. తుడిసిన. వాని ఎంగిలి గంజి తాగిన. ఊరికి కట్టు పెట్టింది నేను, తప్పింది నేను."

ముందు నిలబడ్డవాళ్ళ చూపులు అతని చేతుల మీద పడ్డాయి.

"నవ్వులాట కాదు మామా," అన్నాడు జోగా.

"నేను నవ్వుతున్ననా?"

"ఆ గంపల మా గింజ ఉన్నది!"

"ఉన్నది. అందరిది ఉన్నది. నా చేతులు తగలని గింజ ఒక్కటి లేదు. ఎవరిది ఏదో ఏరుకుని తీసుకపోండి. నేను ఒద్దంటలే."

సామలు ఆవాలంత ఉంటాయి. వాటిలోంచి జోగా ఇంటి సామల్ని ఏరాలంటే ఏడు వానాకాలాలు పడుతుంది. జనం ముందు గంప నుంచి వెనక్కి జరిగారు; తరువాత, అందులో ఉన్నది తమ ఏడాది బతుకని గుర్తొచ్చి, ముందుకు జరిగారు. వెనక్కీ ముందుకీ రెండుసార్లు అలా ఊగింది ఊరు. పడమట ఉరిమింది.

"ముట్టుకుంటేనే తప్పు అంటిరి," బిజ్జా అన్నాడు. "అట్లయితే ఈ గంప వాగుల పారబోస్త, ఈ యేడు ఎవరూ చల్లొద్దు. లేదంటే ఇంకొక్క పిడికెడు పడాలె. రెండిట్ల ఒకటి చెప్పండి. వాన వస్తున్నది."

జోగా పక్కవాళ్ళ మొహాలు చూశాడు. పక్కవాళ్ళు మబ్బు చూశారు. చివరికి పళ్ళు లేని హిడ్మే గద్దె పక్కనుంచి గొణిగింది. "పడిన గింజను వెనక్కి తీసుడు ఏ కాలంల లేదు. దాన్ని పిలువుండ్రి. నడుము నొప్పి పుడుతున్నది నిలబడి నిలబడి."

అదే తీర్పు. బిజ్జా గంప ఎత్తుకుని బాట వెంట నడిచి దుంగ దగ్గరికి వచ్చాడు. ఊరు కాస్త ఎడంగా అతని వెనకే వచ్చింది. అతను గంపను కంప మీదుగా చాచి పట్టుకున్నాడు.

ఐదు రోజులుగా ఇర్మె అడిగింది దీన్నే. దొప్ప ఎత్తింది. కానీ ఆమె కళ్ళు గంప మీద లేవు, గంప వెనక ఉన్న మొహాల మీద ఉన్నాయి. నెలరోజుల తరువాత ఊరిని ఇంత దగ్గరగా చూడటం ఇదే. హిడ్మే మనవడి కళ్ళు లోతుకు పోయాయి. జోగా భార్య సోమి వీపున ఆరేళ్ళ పిల్ల తల వాల్చేసి ఉంది. ఎండలో కూడా దానికి దుప్పటి కప్పారు.

దొప్పను మళ్ళీ దుంగ మీద పెట్టింది.

"ఆగు మామా. ముందుగాల ఇది చెప్పుండ్రి. ఎవరెవరి ఇండ్లల్ల జ్వరాలున్నయి?"

ఊరు నేల చూపులు చూసింది.

"మంగల్‌ది మలేరియా. కార్డుల గీత పడ్డది. మూడు దినాల గోలీలకు లేచి కూసున్నడు. గీత పడితే నా దగ్గర గోలీలున్నయి. పడకపోతే పెద్ద దవాఖానకు పోదాం, నేనే తోలుకపోత. పేరు మాత్రం రాస్త. ఎవరు ఒద్దన్నా రాస్త. సునీల్ సార్ ఒద్దన్నా రాస్త."

గాలికి ఎర్రగుడ్డ టపటప కొట్టుకుంది. హిడ్మే మనవణ్ణి చెయ్యి పట్టుకుని ఒకడుగు ముందుకు నెట్టింది. ఇంకో పక్కనుంచి ఎవరో "మా అత్తకు... వారం నుంచి" అన్నారు. అటకమీద ఒకరు, చేను పాకలో ఒకరు, ఇప్పచెట్ల గుట్టలో దాచిన అన్నదమ్ములిద్దరు. ఒక్కొక్క పేరూ బయటికొస్తుంటే ఒక్కొక్కరి భుజాలు దిగుతున్నాయి. ముప్పైమూడు ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళు. ఊరంతా ఒకరి జ్వరం ఒకరికి తెలియకుండా దాచుకుని, బాటకు మాత్రం దుంగ అడ్డం పెట్టుకుంది.

జోగా మాత్రం నోరు తెరవలేదు. సోమి అతని వైపు చూసింది. ఇంకొంచెంసేపు చూసింది. తరువాత అతన్ని అడగకుండానే కంప ఒక పక్కకు లాగి, చీర చిరిగినా ఆగకుండా దుంగ ఎక్కి ఇవతలికి దిగింది.

"మూడు దినాలాయె అక్కా," అన్నాడు జోగా వెనకనుంచి. గొల్లపల్లి దాకా ఉండే ఆ నోట్లోంచి మాట దుంగ దాకా కూడా సరిగ్గా రాలేదు.

ఇర్మె అప్పటికే పెట్టె తెరిచి తొడుగులు వేసుకుంది. పిల్లను దుంగ మీద కూర్చోబెట్టుకుని చిట్టి ఉంగరపు వేలు పట్టుకుని తుడిచింది. వేలు కాలిపోతోంది. దొప్ప వాళ్ళ పక్కనే ఉంది. మొదటి చినుకు దాని అంచు మీద పడింది.

"కోడలా, గింజలు తడుస్తయి," అన్నాడు బిజ్జా, గంప అలాగే చాచి పట్టుకుని.

"నువ్వే గంపల పొయ్యి మామా," అంది ఇర్మె తలెత్తకుండా. "నా చేతులు ఖాళీగ లేవు."